పాత కారుకు కొత్త రేడియేటరు: బిగించడం కన్నా గాలి తీయడమే పెద్ద పని

18 ఏళ్లుగా మా ఇంటిల్లిపాదినీ మోస్తున్న కారుకు గత నెలలో, ఇంజనును చల్లబరిచే రేడియేటరు నేనే మార్చాను. పాతది విప్పి కొత్తది బిగించడానికి నాలుగు గంటలు సరిపోయాయి. ఆ రోజులో మిగిలిన సమయమూ, మరుసటి ఉదయమూ కలిపి లోపల చిక్కుకున్న గాలిని బయటికి పంపడానికే పట్టాయి. ఈ పని గురించి మాట్లాడేవారు చాలామంది బోల్టులు బిగించే దగ్గరే ఆగిపోతారు కనుక, ఆ తరువాతి భాగాన్ని నేను కాస్త వివరంగా రాయాలనుకుంటున్నాను.

మొదట నాకు తెలిసింది లీకు కాదు, వాసన. బండి ఆపి దిగగానే బోనెట్ దగ్గర తియ్యటి వాసన వచ్చేది. ఇంజను వేడిని రేడియేటరుకు మోసుకెళ్లే ద్రవం, అంటే కూలెంట్, మట్టం రిజర్వు ట్యాంకులో వారం తిరిగేసరికి వేలెడు మేర తగ్గేది, కానీ నేల మీద ఒక్క చుక్క కూడా పడేది కాదు. ఒక మెకానిక్‌కు చూపిస్తే, పాత బండి కదా, తగ్గినప్పుడల్లా నీళ్లు పోసుకుంటూ నడపమన్నారు. ఆ సలహా నాకు నచ్చలేదు. నీళ్లు పోసిన కొద్దీ కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు పలచబడిపోతాయి, లీకు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది.

ఒకరోజు తెల్లవారుజామున, ఇంజను పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు, టార్చి పట్టుకుని రేడియేటరు అంతటినీ అంగుళం అంగుళం వెతికాను. పై హోస్ (రబ్బరు గొట్టం) వచ్చి కలిసే మెడ పక్కన, ఒకప్పుడు నల్లగా ఉండే ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిన చోట, రెండు సెంటీమీటర్ల పొడవున తలవెంట్రుక లాంటి పగులు ఉంది. దాని వెంబడి లేత పచ్చని పొడి పేరుకుని ఉంది. గోటితో గీరితే రాలిపోయింది, దాని కింద గీత మరింత స్పష్టంగా కనిపించింది. చల్లగా ఉన్నప్పుడు ఆ పగులు మూసుకునే ఉంటుంది. ఇంజను వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రమే తెరుచుకుంటుంది, అలా బయటికొచ్చిన కొద్దిపాటి ద్రవం వేడి లోహం మీద పడి అక్కడికక్కడే ఆవిరైపోతుంది. నేల తడవకపోవడానికి కారణం అదే.

ఈ కాలపు రేడియేటర్లలో మధ్యభాగం అల్యూమినియంతోనూ, రెండు అంచుల్లోని ట్యాంకులు ప్లాస్టిక్‌తోనూ చేసి, మధ్యలో రబ్బరు గాస్కెట్ పెట్టి, లోహపు అంచును మడిచి బిగిస్తారు. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లబడుతూ ఉండటంతో ఆ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఇంజను నుంచి బాగా వేడెక్కి వచ్చే ద్రవం మొదట తాకేది పై మెడనే కనుక పగులు ఎక్కువగా అక్కడే పుడుతుంది. ఇత్తడి, రాగి రేడియేటర్లయితే టంకం వేయించుకోవచ్చు, ప్లాస్టిక్‌కు ఆ అవకాశం లేదు. లీకును పూడ్చే మందులు దొరుకుతాయి గాని వాటిని నేను వాడను. పగులును పూడ్చే పదార్థమే, అదే కూలెంట్ వేడితో కారు లోపలికి వెచ్చని గాలినిచ్చే హీటరులోని సన్నని గొట్టాలనూ పూడ్చగలదు. కొత్తది కొనే ముందు ఇంజను ఆయిల్ పాలరంగులోకి మారలేదనీ, చల్లని ఇంజనును మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు కూలెంట్‌లో ఆగకుండా బుడగలు రావడం లేదనీ చూసుకున్నాను. ఆ లక్షణాలు కనిపిస్తే అది హెడ్ గాస్కెట్ (ఇంజను బ్లాకుకూ దాని పైభాగానికీ మధ్య ఉండే పొర) సమస్య కావచ్చు, అప్పుడు రేడియేటరు మార్చినా ఫలితం ఉండదు.

రేడియేటరుతో పాటు పైహోస్, కిందిహోస్, వాటిని బిగించే క్లాంపులు, కూలెంట్ వేడెక్కాకే దాన్ని రేడియేటరులోకి వదిలే థర్మోస్టాట్, దాని గాస్కెట్, కొత్త మూత కూడా తెచ్చుకున్నాను. మూతను చాలామంది లెక్కలోకి తీసుకోరు. వ్యవస్థలో ఒత్తిడిని నిలబెట్టేది ఆ మూతే. మామూలు నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 0.9 నుంచి 1.1 బార్ ఒత్తిడిని ఆపే మూత ఉంటే అదే నీరు 120 డిగ్రీల ప్రాంతం వరకు మరగదు, సగం గ్లైకాల్ (కూలెంట్‌లోని ముఖ్య రసాయనం) కలిసిన కూలెంట్ అయితే ఇంకా పైకి వెళుతుంది. వేడి ఇంజను మీద మూత తీయకూడదనడానికి కారణం కూడా ఇదే. మూత వదులైన క్షణంలో ఒత్తిడి పోయి, అప్పటిదాకా మరగకుండా ఉన్న ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఎంత తొందర ఉన్నా కొన్ని గంటలు ఆగాల్సిందే. బ్యాటరీ నెగటివ్ తీగ కూడా ముందే తీసి పెట్టాలి, ఎందుకంటే కొన్ని బండ్లలో తాళం తీసేసినా ఫ్యాన్ దానంతటది తిరుగుతుంది.

పాత కూలెంట్‌ను కొలత గీతలున్న డబ్బాలోకి పట్టాను. డ్రెయిన్ ప్లగ్ ప్లాస్టిక్‌ది, కదలలేదు. బలం ఉపయోగిస్తే విరిగిపోతుందని వదిలేసి, కిందిహోస్ ఊడదీసి దించాను. మా బండి పుస్తకం ప్రకారం మొత్తం పట్టేది 5.2 లీటర్లు, బయటికి వచ్చింది 3.6 లీటర్లు. మిగిలిన 1.6 లీటర్లు ఇంజను బ్లాకులోనూ హీటరులోనూ ఉండిపోతాయి. ఈ లెక్కను కాగితం మీద రాసి గోడకు అంటించాను, చివరికి నన్ను కాపాడింది ఆ కాగితమే. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలు, కుక్కలు, పిల్లులు దాన్ని తాగే ప్రమాదం ఉంది కనుక పట్టిన ద్రవాన్ని వెంటనే మూత ఉన్న డబ్బాలో పోసి దూరంగా పెట్టాలి. కాలువలోనో మట్టిలోనో పారబోయడం తప్పు.

పాత హోసులు మెడలకు అతుక్కుపోయి ఉంటాయి. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించాలనిపిస్తుంది గాని, అలా చేస్తే ఇంజను వైపున్న అల్యూమినియం మెడ మీద గాటు పడి, కొత్త హోస్ కూడా అక్కడే కారుతుంది. ఎలాగూ పారేసే హోసే కదా అని నేను కత్తితో పొడవునా చీరి అరటితొక్కలా ఒలిచేశాను. మెడ మీద పేరుకున్న తెల్లని పొరను పీచుతో రుద్ది నున్నగా చేశాను.

మా కారులో ఏసీ గ్యాసును చల్లబరిచే కండెన్సర్ రేడియేటరుకు ముందువైపు రెండు బోల్టులతో వేలాడుతుంది. దాని గ్యాసు గొట్టాలను ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. ఆ రెండు బోల్టులు తీసి కండెన్సర్‌ను తాడుతో పైన కట్టి, మధ్యలో అట్టముక్క దూర్చి రేడియేటరును పైకి లాగాను. దాని రెక్కలు కాగితమంత పలచన, వేలి కొన ఆనినా వంగిపోతాయి. మా అబ్బాయి ఒక చివర పట్టుకోగా, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నిలబెట్టి మెడల లావు, కింది పిన్నుల దూరం, ఫ్యాన్ బిగించే రంధ్రాలు సరిచూసుకున్నాం. అప్పుడు వాడు, "నాన్నా, పాతదానికి పక్కన స్పాంజి ఉంది, దీనికి లేదు" అన్నాడు. వాడు చూడకపోతే నేను దాన్ని పాతదానితో పాటే పారేసేవాణ్ని. ఆ స్పాంజి పట్టీ లేకపోతే ఎదురుగాలి రేడియేటరులోంచి పోకుండా సందుల్లోంచి పక్కకు తప్పించుకుంటుంది. దాన్ని జాగ్రత్తగా ఒలిచి కొత్తదానికి అంటించాము.

బిగించడంలో చెప్పుకోవలసినది తక్కువే. కింది పిన్నులు రెండూ రబ్బరు బుష్‌లలో కూర్చోవాలి. క్లాంపు, మెడ మీద ఉబ్బెత్తుగా ఉండే అంచుకు లోపలివైపు పడాలి. హోస్ జారడానికి కాస్త కూలెంట్ రాస్తే చాలు, గ్రీజు, ఆయిల్ రబ్బరును ఉబ్బిస్తాయి.

కూలెంట్ కలపడంలో ఒక చిక్కు ఉంది. లోపల రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్ తిప్పి కడిగాను కాబట్టి, బ్లాకులో ఉండిపోయిన 1.6 లీటర్లూ ఇప్పుడు దాదాపు ఉత్త నీరే. సగం సగం కలిపిన కూలెంట్ పోస్తే మొత్తం మీద పలచబడిపోతుంది. అందుకే ముందు 5.2 లీటర్లలో సగం, అంటే 2.6 లీటర్లు, నీరు కలపని కూలెంట్‌నే పోసి, ఆ తరువాతే డిస్టిల్డ్ వాటర్ పోయడం మొదలుపెట్టాను. కొళాయి నీటిలోని లవణాలు లోపల పొరలా పేరుకుంటాయి కనుక అది పనికిరాదు. రంగు చూసి కూలెంట్ ఎంచుకోవడం కూడా సరికాదు. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలవి ఉంటాయి, పొసగనివి కలిస్తే జిగురులా గడ్డకట్టే ప్రమాదం ఉంది. బండి పుస్తకం ఏ రకం చెబితే అదే పోయాలి.

0.3 లీటర్ల నీరు పోసేసరికి మెడ దాకా నిండిపోయింది. 3.6 తీసిన చోట 2.9 మాత్రమే పట్టింది. అంటే 0.7 లీటర్ల గాలి లోపల ఉన్నట్టు.

చక్రాలకు అడ్డు పెట్టి, కారు ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండుల మీద నిలిపాను. అప్పుడు రేడియేటరు మెడ అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది, గాలికి అటే దారి దొరుకుతుంది. బ్యాటరీ తీగ తిరిగి బిగించి, హీటరును పూర్తి వేడికి తిప్పి, మూత తీసే ఉంచి, ఇంజను స్టార్ట్ చేసి ఎక్సలేటరు తొక్కకుండా వదిలేశాను. పది నిమిషాలకు పైగా ఏమీ జరగలేదు. పైహోస్ చల్లగానే ఉంది, మట్టం మాత్రం కొద్దికొద్దిగా ఉబ్బుతూ వచ్చింది. 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ తెరుచుకోగానే గుబుక్కుమని ఒక పెద్ద బుడగ పైకి వచ్చింది, మట్టం కంటి ముందే కిందికి జారిపోయింది. వెంటనే నీరు పోశాను. చేతికి తొడుగు వేసుకుని పైహోస్‌ను మెల్లగా నొక్కి వదులుతుంటే చిన్న బుడగలు వరుసగా వచ్చాయి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేసరికి బుడగలు ఆగిపోయాయి. ఇంజను స్టార్ట్ చేశాక అప్పటికి పోసింది 0.45 లీటర్లు.

కాగితం మీద ఇంకా పావు లీటరు తక్కువే ఉంది. చల్లబడ్డాక రిజర్వు ట్యాంకులోంచి అదే లాక్కుంటుందని అనుకుని మూత పెట్టేశాను. అది నా పొరపాటు. కాసేపు ఆగి బయటికి తీసుకెళితే నాలుగు కిలోమీటర్లకే ఉష్ణోగ్రత ముల్లు సగం దాటి పైకి కదిలింది, అదే సమయంలో హీటరులోంచి చల్లని గాలి వచ్చింది. ఇంజను వేడిగా ఉండగా హీటరు చల్లగాలి కొడుతోందంటే, దాని గొట్టాల్లో కూలెంట్‌కు బదులు గాలి ఉందని అర్థం. వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపి, పూర్తిగా చల్లబడేదాకా మూత జోలికి పోలేదు. మెల్లగా ఇంటికి చేర్చి, మరుసటి ఉదయం మళ్లీ ముందు భాగం లేపి అదంతా మొదటి నుంచి చేశాను. ఈసారి ఇంజను వేగాన్ని కొంచెం పెంచి నిలిపి ఉంచాను. రెండో బుడగ హీటరు వైపు నుంచి వచ్చింది, ఆ వెంటనే లోపల వేడిగాలి మొదలైంది. సరిగ్గా పావు లీటరు పట్టింది.

రిజర్వు ట్యాంకు మీద మట్టం దగ్గర మార్కరుతో ఒక గీత గీశాను. ఇప్పటికి మూడు వారాలు. రోజూ ఉదయం బండి తీసే ముందు చూస్తున్నాను, మట్టం గీత మీదే ఉంది, బోనెట్ దగ్గర ఆ తియ్యటి వాసన లేదు.