న చలేన్మార్గాత్

నేపాల్ వెళ్లే మనవాళ్లు చాలామంది పశుపతినాథుడి దర్శనం చేసుకుని, అటునుంచి అటే ముక్తినాథ్ దారి పడతారు. ఖాట్మండుకి తూర్పున 13 కిలోమీటర్ల దూరంలోనే ఉన్న భక్తపూర్ అలా మిగిలిపోతుంది. దత్తభక్తులు మాత్రం ఆ ఊరిని వదిలేయొద్దని నా మనవి.

పాతపేటలో, ఇటుకలు పరిచిన సందులన్నీ దాటాక, దత్తాత్రేయ స్వామి గుడి వస్తుంది. 15వ శతాబ్దంలో యక్షమల్ల మహారాజు కట్టించాడు. ఒకే చెట్టు కలపతో కట్టారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఎదురుగా స్తంభం మీద గరుత్మంతుడు చేతులు జోడించి మోకాలి మీద కూర్చుని ఉంటాడు. పిఠాపురంలో వినే, దత్తావతారమైన శ్రీపాద శ్రీవల్లభుడి నామం అక్కడ నా నోట దానంతటదే వచ్చేసింది.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకి తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. ఆ అవధూత దత్తుడేనని పెద్దల నమ్మకం. మొదటి గురువు భూమి.

భూతైరాక్రమ్యమాణోఽపి ధీరో దైవవశానుగైః ।
తద్విద్వాన్ న చలేన్మార్గాదన్వశిక్షం క్షితేర్వ్రతమ్ ॥

ప్రాణులు తొక్కినా, బాధించినా, వాళ్లూ దైవవశాన నడిచేవాళ్లేనని తెలుసుకుని, ధీరుడు తన దారి నుంచి కదలకూడదు. ఈ వ్రతం భూమి దగ్గర నేర్చుకున్నాను అంటాడు.

చిన్నప్పటి నుంచి వింటున్న శ్లోకమే. కానీ ఆ గుడి మెట్ల మీద కూర్చున్నప్పుడు మనసుకి ఒక ముల్లు గుచ్చుకుంది. 2015 ఏప్రిల్ 25న ఇదే ఊళ్లో భూమి కదిలిందిగా! దర్బార్ చౌక్‌లో వత్సలాదేవి రాతిగుడి నేలమట్టమైంది. ఎన్నో ఇళ్లు కూలాయి, ప్రాణాలు పోయాయి. మరి కదలకపోవడం ఈ భూమి దగ్గర ఎలా నేర్చుకోవాలి?

శ్లోకాన్ని మళ్లీ మళ్లీ అనుకున్నాక ఒక్క మాట దగ్గర ఆగాను. "మార్గాత్". ఉత్త "న చలేత్" అనలేదు, దారి నుంచి కదలొద్దు అన్నాడు. వణకొచ్చు, ఏడవొచ్చు, కూలిపోవచ్చు కూడా. దారి మాత్రం తప్పకూడదు. ఇన్నాళ్లూ నేను దీన్ని రాయిలా ఉండమన్నట్టు చదువుకున్నాను. కష్టం వచ్చి చలించిన ప్రతిసారీ నా భక్తిలోనే లోపం ఉందని కుమిలిపోయాను. ఆ బరువు అక్కడ దిగింది.

వత్సలాదేవి గుడిని మళ్లీ కట్టారు. అదే ఊళ్లోని 1702 నాటి న్యాతపోల గుడి అయిదు కప్పులతో 1934 భూకంపాన్నీ, 2015 భూకంపాన్నీ తట్టుకుని నిలబడే ఉంది.

తిరిగొస్తూ కుమ్మరివాడలో ఆగాం. ఎండలో వందల పచ్చికుండలు వరసలుగా ఆరబెట్టి ఉన్నాయి. ఒక పెద్దాయన నల్లటి బంకమట్టిని మడమలతో తొక్కుతున్నాడు. శ్లోకంలోని "ఆక్రమ్యమాణః", అంటే తొక్కబడుతున్నవాడు, అన్న మాట కళ్లముందే కనబడింది. పక్కన ఒక పచ్చికుండ అంచు విరిగి ఉంది. ఆయన వంగి దాన్ని తీసుకుని, ముక్కలు చేసి అదే ముద్దలో పడేసి, కాసిని నీళ్లు చిలకరించి, మళ్లీ తొక్కసాగాడు.