బెంగళూరులో హైస్కూల్ పిల్లలకి మౌంటెన్ బైక్ రేస్ పెట్టాం: నా అనుభవం

రేస్ పెడుతున్నాం అనగానే అందరూ అడిగేది స్పాన్సర్ ఎవరు, ప్రైజ్ మనీ ఎంత అని. మేం మాత్రం, అంటే వైట్‌ఫీల్డ్ వైపు ఉండే కొంతమంది పేరెంట్స్, మా అమ్మాయి స్కూల్ పీటీ సార్, సైక్లింగ్ పిచ్చి ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు, ముందు కూర్చుని తేల్చుకున్నది ఒకటే. అందరికంటే ఆఖర్న వచ్చే పిల్లకి ఈ రేస్ ఎలా ఉండాలి? అది తేలాక మిగతా అన్నీ, లాప్, అంటే ఒక చుట్టు, ఎంత పొడవు, దారి ఎటు, రూల్స్ ఏంటి, అన్నీ దాన్ని బట్టే నడిచాయి.

ఎందుకంటే పెద్దవాళ్ళ రూల్స్ ఉన్నవి ఉన్నట్టు తెచ్చి పిల్లల మీద పెడితే సగంమంది మళ్ళీ సైకిల్ జోలికి రారు. 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న మౌంటెన్ బైక్ క్రాస్ కంట్రీ రేస్‌లో 80 శాతం రూల్ అని ఒకటుంది, ముందున్నవాడికీ మీకూ గ్యాప్ వాడి మొదటి లాప్ టైమ్‌లో 80 శాతం దాటిందా, మిమ్మల్ని కోర్స్ మీంచి పక్కకి తీసేస్తారు. ఇరుకు దారిలో ముందువాళ్ళకి అడ్డం రాకూడదని పెట్టిన రూల్, వాళ్ళకి అది కరెక్టే. కానీ నెలంతా ప్రాక్టీస్ చేసి, తెల్లవారుజామున నాలుగింటికి లేచి, అమ్మానాన్నల్ని లేపి వచ్చిన తొమ్మిదో క్లాస్ పిల్లని పావుగంటకే "నువ్వు అయిపోయావమ్మా, పక్కకి రా" అనడం నా వల్ల కాదు. మేం ఆ రూల్ తీసేశాం. మొదటివాడు ఫినిష్ అయ్యాక మిగతావాళ్ళు తొక్కుతున్న లాప్ పూర్తి చేస్తారు, ఎన్ని లాప్‌లు చేశారో దాన్ని బట్టి ప్లేస్. అంతే. ఎవరూ మధ్యలో బయటికి పోరు.

ఇది మా సొంత బుర్రలోంచి వచ్చిందేం కాదు. అమెరికాలో హైస్కూల్ పిల్లల మౌంటెన్ బైక్ లీగ్స్ నడిపే నైకా (NICA) అనే సంస్థ ఉంది. 2001లో బర్క్‌లీ హైస్కూల్ టీచర్ మాట్ ఫ్రిట్జింగర్ నార్తర్న్ కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన లీగ్ నుంచి పుట్టి 2009లో దేశం మొత్తానికి సంస్థ అయింది. వాళ్ళ దగ్గర ఎక్స్‌ట్రా ప్లేయర్ అని బెంచ్ మీద కూర్చునేవాళ్ళు ఉండరు, టీమ్‌లో పేరున్న ప్రతి పిల్లా రేస్ చేస్తుంది. మన స్కూల్ క్రికెట్ టీమ్ గుర్తు తెచ్చుకోండి, పదకొండుమంది ఆడతారు, నలుగురు నీళ్ళు మోస్తారు. నాకు నైకాలో నచ్చింది ఆ ఒక్క తేడానే.

ఇక జాగా. బెంగళూరులో ట్రెయిల్ అంటే అందరూ చెప్పేది తురహళ్ళి, అవలహళ్ళి. రెండూ అడవి భూములు. ఒకళ్ళిద్దరు పొద్దున్నే తొక్కుకుని రావడం వేరు, టేపులు కట్టి వందమంది పిల్లల్ని, వాళ్ళ కార్లని దించడం వేరు, పర్మిషన్ చుట్టూ తిరిగే టైమ్ మాకు లేదు, అసలు అక్కడ అంత గోల చెయ్యడం కూడా నాకు ఇష్టం లేదు. అందుకని ప్రైవేట్ జాగా వెతికాం. హోసకోట దాటి కోలారు రోడ్డు నుంచి లోపలికి వెళ్తే నీలగిరి, అంటే యూకలిప్టస్, తోపులు ఉంటాయి, ఎర్రమట్టి, మధ్యమధ్యలో బండరాళ్ళు, చిన్న ఎత్తుపల్లాలు. అటు వైపు పల్లెల్లో చాలా ఇళ్ళల్లో తెలుగే, మాకు అదే పెద్ద ప్లస్ అయింది. ఎందుకంటే మేం ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని, చేతిలో టేప్ పట్టుకుని తోపులో నడుస్తుంటే ఊళ్ళోవాళ్ళు రింగ్ రోడ్డు సర్వే అనుకున్నారు. ఒక పెద్దాయన సూటిగా వచ్చి "యాడ్నించి వచ్చినారప్పా? రోడ్డోళ్ళా, సైట్లు ఏసేటోళ్ళా?" అని అడిగాడు. కాదు పెద్దాయనా, పిల్లల సైకిల్ పందెం అంటే కాసేపు నమ్మలేదు. "పిల్లోళ్ళు సైకిల్ తొక్కేదానికి ఇన్ని కొలతలెందుకప్పా" అన్నాడు. తోపు ఆయనదే. భూమి పోతుందేమో అన్న భయంలో ఉన్న మనిషికి మనం ముందు భరోసా ఇవ్వాలి, డబ్బుల మాట తర్వాత. ఆయనతో కూర్చుని టీ తాగి, ఒక్కరోజు పనే అని, గుంత ఒకటి కూడా తవ్వమని కాగితం మీద రాసిచ్చాం.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే, చిగురు విరగ్గూడదు. నీలగిరి కొట్టాక మొద్దు అలాగే వదిలేస్తారు, దాని పక్కనుంచి మళ్ళీ చిగుర్లొస్తాయి, వచ్చే కోతకి అవే చెట్లు. 2017లో కర్ణాటకలో కొత్తగా నీలగిరి నాటకూడదని ఆర్డర్ వచ్చింది, అందుకని ఆ పాత మొద్దుల మీద చిగురే ఆయన ఆస్తి. మాకేమో ఆ మొద్దులే భయం. జానెడు ఎత్తు కూడా ఉండవు, రాలిన ఆకులు, ఊడిన బెరడు కింద అస్సలు కనపడవు, ముందు చక్రం తగిలితే పిల్లాడు హ్యాండిల్ మీంచి ఎగిరి ముందుకి పడతాడు. పెద్దాయన కర్రతో ఆకులు తోసుకుంటూ ముందు నడిచాడు, టక్ మని సౌండ్ వచ్చిన చోట ఆగేవాడు, మేం వెనకాల సున్నం బకెట్, బ్రష్ పట్టుకుని దానికి తెల్లగా పూస్తూ వెళ్ళాం. లాప్ మొత్తం అలాగే. ఎక్కడ చిగురు గుబురుగా ఉందో అక్కడ దారి మార్చాం. ఆయన సాయం లేకపోతే ఆ కోర్స్ సేఫ్‌గా తయారయ్యేది కాదు, ఇది నేను గట్టిగా చెప్తాను.

లాప్ సుమారు 3 కిలోమీటర్లు పెట్టాం. పెద్దవాళ్ళ రేస్‌లో మామూలుగా 4 నుంచి 6 ఉంటుంది. చిన్న లాప్ అయితే పిల్లలు త్వరత్వరగా కళ్ళముందుకి వస్తారు, తల్లిదండ్రులకి కనపడతారు, ఎవరైనా పడితే తొందరగా తెలుస్తుంది. స్టార్ట్ దగ్గర మాత్రం వెడల్పాటి బండి దారి, కొంచెం ఎక్కుడు, కావాలనే అలా పెట్టాం. ఇరుకు దారిలోకి దూరేలోపే ఎవరి స్పీడ్ ఏంటో తేలిపోవాలి, లేకపోతే ముప్పైమంది ఒక్కసారి సందులోకి తోసుకుంటారు, దెబ్బలు అక్కడే తగులుతాయి. ఒకచోట మోకాలెత్తు రాతి మెట్టు ఉంది, బాగా తొక్కేవాళ్ళకి దాని మీంచి దూకడం సరదా. పక్కనుంచి చుట్టు తిరిగే ఈజీ దారి ఇంకోటి వేశాం, బీ లైన్ అంటారు, కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది కానీ ఎవరికీ భయం ఉండదు. కిందకి చూపించే బాణం ఒకటుంటే జాగ్రత్త, రెండుంటే ఇంకా జాగ్రత్త, మూడుంటే బాగా డేంజర్, ఈ పద్ధతి ఇంటర్నేషనల్ రేసుల్లోది, అదే వాడాం. ముందురోజు సాయంత్రం పిల్లలందరికీ కోర్స్ ఓపెన్ చేసి ఒక్కసారైనా తిరిగి చూడకపోతే రేపు నంబర్ ప్లేట్ ఇవ్వం అన్నాం.

పోలీస్ స్టేషన్‌కి లెటర్, పంచాయతీకి లెటర్, ఒక్కరోజు యాక్సిడెంట్ ఇన్సూరెన్స్, పేరెంట్స్ సంతకాలు, ఇవన్నీ ఓపిక ఉంటే అయిపోయే పనులే. అంబులెన్స్ విషయంలో మాత్రం ఒక మాట. అంబులెన్స్ బుక్ చేశాం అంటే సరిపోదు, ఆ బండి మీ తోపులో తిరగగలదా? మేం ముందే డ్రైవర్ అన్నని పిలిపించి గట్టు దారిలో రివర్స్ చేయించి చూశాం, ఒక మలుపు దగ్గర తిరగలేదు, అక్కడ కంచె కొంచెం విప్పి దారి చేశాం. అలాగే ప్రతి మార్షల్, అంటే దారి పొడుగునా విజిల్‌తో కాపలా ఉండే వాలంటీర్, నిలబడే చోటా ఎవరి ఫోన్‌కి సిగ్నల్ వస్తుందో చూసుకోండి. పల్లంలో మాకు ఒక్క నెట్‌వర్కే వచ్చింది, ఆ సిమ్ ఉన్నవాళ్ళనే అక్కడ నిలబెట్టాం.

అమ్మాయిల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మొదట్లో స్కూల్స్ నుంచి వచ్చిన లిస్టులు చూస్తే దాదాపు అందరూ అబ్బాయిలే. మేం టీమ్ స్కోర్‌కి నలుగురి పాయింట్లు లెక్క, అందులో కనీసం ఒకటి అమ్మాయిది ఉండాలి అని రూల్ పెట్టాం. అంతే, వారం తిరిగేలోపు పీటీ సార్లు అమ్మాయిల్ని వెతుక్కుంటూ క్లాసులకి వెళ్ళారు. లాప్‌లు సమానం, మెడల్స్ సమానం. అమ్మాయిల స్టార్ట్ విడిగా, అబ్బాయిలు తోసుకుని దాటేయకుండా. ఇంకోటి, టాయ్‌లెట్. పొలంలో రేస్ అంటే మగవాళ్ళు దీని గురించి ఆలోచించరు, తల్లులు మాత్రం ఫోన్ చేసి మొదట అడిగేది అదే. నీళ్ళున్న మొబైల్ టాయ్‌లెట్స్, లోపల చెత్తబుట్ట, బయట ఒక ఆంటీ కాపలా, ఇవి పెట్టాకే చాలామంది పేర్లు ఇచ్చారు. బడ్జెట్ తగ్గించాలంటే టీషర్టులు తీసెయ్యండి, దీన్ని ముట్టుకోవద్దు.

డేట్ పెట్టడం ఇంకో తలనొప్పి. వానాకాలం వద్దు, దసరా సెలవుల్లో ఊరెళ్తారు, సంక్రాంతికి మన తెలుగువాళ్ళు ఒక్కరూ బెంగళూరులో ఉండరు, ఫిబ్రవరి వస్తే బోర్డ్ పరీక్షలు. మిగిలింది డిసెంబర్ మొదట్లో. అప్పుడేమో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే చెన్నైకి వాన, మనకి రెండ్రోజులు ముసురు. సరిగ్గా అదే జరిగింది. ఆ ఎర్రమట్టి తడిస్తే టైరుకి ముద్దలా అంటుకుని బ్రేకుకీ ఫోర్క్‌కీ మధ్య ఇరుక్కుంటుంది, చక్రమే తిరగదు, పైగా ఆ తడిలో తొక్కితే దారి గాళ్ళు పడి పాడవుతుంది, పెద్దాయనకి ఇచ్చిన మాట పోతుంది. పల్లంలో ఉన్న భాగం మొత్తం తీసేసి గట్టు మీదకి మార్చాం, సున్నం బకెట్ మళ్ళీ ఎత్తాం. శనివారం ఎండ బాగా కాసింది, దేవుడి దయ.

ఆదివారం పొద్దున అన్నిటికంటే ముందు సైకిల్ చెకింగ్. మన పిల్లల సైకిళ్ళు ఎలా ఉంటాయో తెలుసు కదా, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఏడాదిగా దుమ్ము పట్టినవి, బరువైనవి. రెండు బ్రేకులూ నొక్కి చూడటం, చక్రాల నట్లు, హ్యాండిల్ బిగింపు. సైడ్ స్టాండ్ విప్పేయించాం, ఎగుడుదిగుడులో అది కిందకి జారి రాయికి తగిలితే పడిపోవడమే. హ్యాండిల్ చివర మూతలు లేకపోతే పెట్టాం, ఖాళీ గొట్టం కడుపులో గుచ్చుకుంటే చాలా ప్రమాదం, పెద్ద రేసుల్లో కూడా మూత లేకుండా వదలరు. టైర్లలో గాలి చాలామందికి రాయిలా ఉంది, పిల్లల బరువు చూసి 30 పీఎస్ఐ అటూఇటూ చేశాం, మట్టిలో గ్రిప్ వస్తుంది. హోసకోట నుంచి తెచ్చుకున్న పంక్చర్ అన్న కుర్చీ కూడా ఎక్కలేదు, తుమ్మముళ్ళు అలాంటివి.

పెద్దాయన మనవడు గేర్లు లేని సైకిల్ తీసుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. వెనక బ్రేక్ లేదు. పంక్చర్ అన్న అడక్కుండానే కొత్త బ్రేక్ షూస్ వేసి కేబుల్ బిగించాడు, మేం హెల్మెట్ ఇచ్చాం, పెద్దాయన చేత ఫారం మీద సంతకం పెట్టించి, ఆయన ముందే ఒక రౌండ్ తిప్పించి, 14 ఏళ్ళ లోపు గ్రూప్‌లో నంబర్ ఇచ్చాం. మధ్యలో వచ్చాడు. ఎక్కుడులో మాత్రం గేర్ల సైకిళ్ళ పిల్లలు దిగి నడుస్తుంటే వాడు నిలబడి తొక్కాడు.

టైమింగ్‌కి చిప్ పెట్టలేదు, ఖర్చు. ఒకళ్ళు నంబర్ గట్టిగా చదవడం, ఇద్దరు విడివిడిగా వరసలో రాయడం, స్టాండ్ మీద ఫోన్ వీడియో, ఫ్రేమ్‌లో గడియారం. ఒక్కో కేటగిరీకి ఒక్కో నంబర్ సిరీస్, ఒక్కో రంగు ప్లేట్, దీనివల్ల కంగారు పడలేదు. 16 లోపు అమ్మాయిల్లో మూడో ప్లేస్ మీద గొడవ వస్తే ఇద్దరి పేరెంట్స్‌నీ కూర్చోబెట్టి వీడియో చూపించాం, ఒక్క నిమిషంలో తేలిపోయింది.

వెనక స్వీప్ అన్నలు ఇద్దరు ఉన్నారు, ఆఖరి పిల్లకి వెనకాలే, తొందరపెట్టకుండా, మాటలు చెప్తూ రావడమే వాళ్ళ పని. ఆఖర్న వచ్చిన అమ్మాయి రెండు లాప్‌లు పూర్తి చేసింది, చైన్ పడితే తనే వేసుకుంది, ఫినిష్ లైన్ దాటగానే మమ్మల్ని అడిగింది "ఆంటీ, టైమ్ ఎంత?" అని. ప్లేస్ కాదు, టైమ్. చెప్పాం, ఫోన్‌లో రాసుకుంది.

సాయంత్రానికి టేపులు, మేకులు, బాటిల్స్ అన్నీ ఏరి, విప్పిన కంచె మళ్ళీ కట్టి, పెద్దాయనతో లాప్ మొత్తం నడిచాం, విరిగిన చిగుర్లకి లెక్క కట్టి డబ్బులిచ్చాం. వచ్చేసారి కార్లని రోడ్డు పక్క ఖాళీ స్థలంలోనే ఆపి అక్కడ్నించి నడిపించాలి, గట్టు దారిలో దుమ్ము లేచి పిల్లలు దగ్గారు. మార్షల్స్ కూడా ఇంకా కావాలి, ఒక మార్షల్‌కి ఇంకో మార్షల్ కనపడేంత దగ్గరగా ఉంటే మంచిది. సైకిల్ రాకపోయినా పర్లేదు, విజిల్ ఊదడం, ఎండలో మూడు గంటలు నిలబడటం వస్తే చాలు, బెంగళూరులో ఉన్న తెలుగు పేరెంట్స్ ఎవరైనా సరే చెప్పండి, ట్రైనింగ్ మేమిస్తాం.