చెరువు అంచు కోసం రేట్ల పుస్తకం పట్టుకున్నాం

హైదరాబాద్ శివార్లలో చెరువు సుందరీకరణ అనగానే దాదాపు ఒకే ప్లాన్ వస్తుంది. చుట్టూ కాంక్రీటు గోడ, దాని వెంట గ్రానైట్ వాకింగ్ ట్రాక్, లైట్లు. మా కాలనీ పక్క చెరువుకీ అదే వచ్చింది. నేను ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని. మా పని అపార్ట్‌మెంట్ల ముందు లాన్లు వేయడమే అనుకుంటారు గానీ, వాన నీరు ఎటు పారాలి, ఎక్కడ ఇంకాలి అన్నదే మేం ముందుగా నేర్చుకునేది. ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల నీళ్లు. అవి చెరువులోకి దిగే వైపే గోడ కడితే వెనక్కి తన్ని ఇళ్లలోకి వస్తాయి. 2020 అక్టోబరు వానల్లో ఈ నగరం పడిన బాధ చూశాక కూడా ఊరుకోవడం నావల్ల కాలేదు.

ముందు కాగితాలు కావాలి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి డీపీఆర్ (పని పూర్తి ప్రణాళిక నివేదిక), ఎస్టిమేట్, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) మ్యాప్ అడిగాం. 30 రోజుల గడువు దాటినా జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాకే ఇచ్చారు. మ్యాపునీ గ్రామ నక్షానీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే గోడలో కొంత భాగం ఎఫ్‌టీఎల్ లోపలే పడుతోంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు ఎఫ్‌టీఎల్ బయట బఫర్, అంటే కట్టడాలు లేని జాగా, వదలాలి. బఫర్‌లో నడక దారి వేసుకోవచ్చు, దానికి మా అభ్యంతరం లేదు. కానీ ఎఫ్‌టీఎల్ లోపల గోడ లేస్తే చెరువే చిన్నదైపోతుంది.

సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. అది సంబంధిత శాఖకు వెళ్లి, చాలా తిరిగాక మీటింగ్ దొరికింది. వాలుగా మట్టి అంచు, దాని మీద తుంగ, జమ్ము, నాలా కలిసే చోట పూడిక ఆగే గుంట, ఇవన్నీ డ్రాయింగ్‌లో చూపించాను. ఇంజినీరు గారు శ్రద్ధగానే చూసి, "బాగుంది మేడమ్, కానీ దీన్ని ఎస్టిమేట్‌లో ఏ ఐటమ్ కింద రాయమంటారు?" అన్నారు.

అసలు చిక్కు అక్కడుంది. ప్రభుత్వ పనుల రేట్ల పుస్తకం ఎస్ఎస్ఆర్‌లో కాంక్రీటుకీ రాతి కట్టడానికీ రేటుంది. తడి వాలు మీద మొక్కలు నిలబెట్టే పనికి మాకు ఐటమ్ దొరకలేదు. రేటు లేని పనిని ఏ ఇంజినీరూ సంతకం పెట్టి పైకి పంపలేడు. ఆయన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. మేం కూర్చుని రేట్ అనాలసిస్, అంటే ఆ పనికి మీటరుకు ఎంతవుతుందో విడివిడి ఖర్చుల లెక్క, తయారుచేశాం. మట్టి పని, కొబ్బరి పీచు వల, నర్సరీల కొటేషన్లు, కూలి, రెండేళ్ల సంరక్షణ, అన్నీ కలిపినా మీటరుకు గోడ ఖర్చు కంటే తక్కువే తేలింది.

ఈలోగా కాలనీలో వాకర్లు గట్టిగానే అడిగారు. "మోకాళ్ల నొప్పులున్నోళ్లం, మాకు చదునైన దారి కావాలమ్మా" అన్నారొక పెద్దాయన. న్యాయమైన మాట. కట్ట మీద దారి అలాగే ఉంచాం. బతుకమ్మకు మెట్లు ఒకచోట పెట్టాం. మత్స్యకారుల సంఘం పెద్ద మ్యాపు చూసి, "నీళ్లొచ్చే దారి ఇంకొకటుంది బిడ్డా, ఇందులో లేదు" అని తీసుకెళ్లి చూపించాడు. నా సర్వేలన్నిటికంటే ఆ నడక వల్లే ప్లాన్ బాగుపడింది.

సవరించిన ఎస్టిమేట్‌లో నీరు వచ్చే వైపు గోడ తీసేశారు. మిగతా వైపు ఉంది. ఇది సగం పనే అని నాకు తెలుసు. ఆర్కిటెక్టుల వృత్తికి 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ఉంది, ల్యాండ్‌స్కేప్ వాళ్లమైన మాకు విడిగా అలాంటిది లేదు. అందుకే పిలిస్తే తప్ప ఇలాంటి నిర్ణయాల్లో మాకు చోటుండదు. ఒక్కో చెరువుకూ ఇలా తిరగడం ఎవరి వల్లా కాదు కాబట్టి, వాలు అంచు పనిని ఎస్ఎస్ఆర్‌లోనే చేర్చమని మా రేట్ అనాలసిస్ జతచేసి లేఖ పెట్టాం. జవాబు ఇంకా రాలేదు. ఆ లెక్కల కాగితాలు పక్క కాలనీ వాళ్లు తీసుకెళ్లారు, వాళ్ల చెరువు టెండరు ఇంకా పిలవలేదు.