నివారణ అధ్యయనానికి ముందు జరిగే వడపోత

వయసుతో వచ్చే మతిక్షీణతను ముందే అడ్డుకోవచ్చా అని పరిశీలించే అధ్యయనాల గురించి మనం చదివేది చాలావరకు చివరి ఫలితమే. ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని వద్దన్నారు అన్న సంగతి ఒక్క వాక్యంలో దాటిపోతుంది. ఇలాంటి అధ్యయనాల కోసం పెద్దవారిని పరీక్షించే పనిలో ఉన్న నాకు మాత్రం, ఆ ఫలితం ఎవరికి వర్తిస్తుందన్నది వడపోతలోనే నిర్ణయమైపోతుందని అనిపిస్తుంది.

పూర్తి ఆరోగ్యవంతులను చేర్చుకుంటే రెండేళ్లలో వారిలో పెద్ద మార్పేమీ రాదు గనుక, చేసిన ప్రయత్నం పనిచేసిందో లేదో తేలదు; డిమెన్షియా (మతిక్షీణత) అప్పటికే మొదలై ఉన్నవారిని చేర్చుకుంటే దానిని నివారణ అనలేం. ఈ రెండింటి నడుమ ఉన్నవారిని పట్టుకోవడంలో జీవనశైలి మార్పులతో మతిక్షీణతను అడ్డుకోవచ్చా అని ఫిన్లాండ్‌లో జరిగిన ఫింగర్ అధ్యయనం చూపిన తెలివి నాకు నచ్చుతుంది. 60 నుంచి 77 ఏళ్ల లోపువారిలో వయసు, చదువు, రక్తపోటు, కొలెస్ట్రాల్, బరువు, వ్యాయామం వంటివి కలిపి లెక్కగట్టే ‘కైడ్’ స్కోరు (మున్ముందు డిమెన్షియా వచ్చే ముప్పును చెప్పే అంకె) కనీసం 6 ఉండి, మానసిక సామర్థ్య పరీక్షల్లో ఆ వయసుకు సగటు స్థాయిలోనో అంతకు కాస్త దిగువనో ఉన్నవారినే వారు కోరుకున్నారు. 2,654 మందిని పరీక్షించి 1,260 మందిని తీసుకున్నారు. అల్జీమర్స్‌ను మందుతో ముందే అడ్డుకోవచ్చా అని చూసిన ఏ4 అధ్యయనంలో వడపోత ఇంకా కఠినం: జ్ఞాపకశక్తి బాగానే ఉన్నా మెదడులో అమిలాయిడ్ (అల్జీమర్స్‌తో ముడిపడిన ప్రోటీన్) పేరుకున్నవారే కావాలి కాబట్టి, దానిని చూపే పెట్ స్కాన్ తీయించుకున్నవారిలో ఎక్కువమంది అక్కడే వెనుదిరగవలసి వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా తోచేది కాగితం మీది పరీక్ష. జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తులను కొద్ది నిమిషాల్లో చూసే మోకా పరీక్షకు 30 మార్కులు. పన్నెండేళ్లు లేదా అంతకన్నా తక్కువ చదివినవారికి ఒక మార్కు కలుపుతారు. బడి ముఖమే చూడని మనిషికి గడియారం బొమ్మ గీయడం, ఘనాకారాన్ని చూసి వేయడం జ్ఞాపకశక్తికి పెట్టిన పరీక్ష కాదు, పెన్సిలు అలవాటుకు పెట్టిన పరీక్ష. ఆ ఒక్క మార్కు ఆ లోటును పూడుస్తుందని నేను నమ్మను. వినికిడి తగ్గినవారు చదివి వినిపించిన మాటలను సరిగా వినకపోతే, అది మరచిపోయినట్టే నమోదవుతుంది. అందుకే మొదట చెవిని, చూపును చూడాలి. కుంగుబాటు, థైరాయిడ్ లోపం, బి12 కొరత కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి, పైగా వీటికి చికిత్స ఉంది.

చాలా అధ్యయనాలు రోజువారీ పనుల గురించి చెప్పగల దగ్గరి మనిషి ఒకరు తోడుండాలని అడుగుతాయి. సమాచారం కోసం అది అవసరమే. అయితే ఒంటరిగా బతికే పెద్దవారు అక్కడే జారిపోతారు. పదేపదే రావడానికి తీరిక, ఆరోగ్యం ఉన్నవారే మిగిలిన గుంపులో వచ్చిన ఫలితాన్ని అందరికీ అన్వయించడం ఎంత సబబో ఆలోచించవలసిందే.

చివరికి ‘మీరు అర్హులు కారు’ అని చెప్పేటప్పుడు మాట తూచి వాడాలి. కొందరు దానిని తమకు జబ్బుందన్న తీర్పుగా తీసుకుంటారు, మరికొందరు ఏ ముప్పూ లేదన్న హామీగా తీసుకుంటారు. రెండూ నిజం కావు. అధ్యయనం పెట్టిన హద్దులకు సరిపోలేదన్నదే దాని అర్థమని, ఎందుకు సరిపోలేదో కారణంతో సహా చెప్పి, రక్తపోటు గానీ పరీక్ష మార్కులు గానీ తేడాగా కనిపిస్తే పూర్తి పరీక్షల కోసం వైద్యుని దగ్గరకు పంపే ఏర్పాటు వడపోత మొదలుకాక ముందే సిద్ధంగా ఉండాలి.