హెచ్‌డీ ప్యాక్ కడుతున్నారా? టీవీ వెనక ఒకసారి చూడండి

చెన్నై తిరువాన్మియూర్‌లో మా పై ఫ్లోర్ పిన్నిగారు నెలనెలా తెలుగు హెచ్‌డీ ఛానెళ్లకు విడిగా డబ్బు కడతారు. టీవీ పెద్దదే, సెట్‌టాప్ బాక్సూ హెచ్‌డీదే. కానీ రెండింటినీ కలిపింది మాత్రం పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు. వాటిలో బొమ్మ వచ్చేది ఒక్క పసుపు వైరులోనే, మిగతా రెండూ సౌండుకి. ఆ పసుపు వైరులో హెచ్‌డీ రాదు. బాక్సులో 1080 లైన్లున్న బొమ్మ 576 లైన్లకు తగ్గి టీవీకి చేరుతుంది. ఇలాంటి ఇళ్లు చాలా చూశాను. పెద్దవాళ్లు కట్టిన డబ్బు ఇలా వృథా అవుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

కావలసిందల్లా బొమ్మనూ సౌండునూ ఒకే వైరులో తీసుకెళ్లే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్. మా ఊరి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. ఖరీదైన కేబుల్ వేస్తే రంగులు బాగా వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. అందులో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. కేబుల్ బాగోకపోతే చుక్కలు మెరుస్తాయి, తెర నల్లబడుతుంది, అంతేగానీ రంగు వెలిసిపోదు. 4కే స్ట్రీమింగ్ పెట్టె ఉంటే 18 జీబీపీఎస్ (సెకనుకు 18 గిగాబిట్ల) వేగం తట్టుకునే ‘ప్రీమియం హై స్పీడ్’ తీసుకోండి. పిల్లలు 4కేలో 120 హెర్ట్జ్‌తో (సెకనుకు 120 బొమ్మలతో) గేములాడితేనే 48 జీబీపీఎస్ ‘అల్ట్రా హై స్పీడ్’ అవసరం. సౌండ్‌బార్‌ను హెచ్‌డీఎంఐతో కలిపితే, టీవీ సౌండును బయటికి పంపే పోర్టుకే, అంటే ఏఆర్‌సీ అని రాసి ఉన్నదానికే పెట్టాలి.

కేబుల్ కొనలకు వేసే బంగారు పూత వల్ల బొమ్మ మారదు. తుప్పు పట్టదన్న లాభం మాత్రం ఉంది, సముద్రపు గాలి తగిలే మా పేటలో అది చిన్న విషయం కాదు. ఇక్కడ అసలు తుప్పు పట్టేది డాబా మీది కోయాక్సియల్ వైరు (బాక్సుకు సిగ్నల్ తెచ్చే గుండ్రటి వైరు) కనెక్టర్. వాన పడగానే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతోందంటే ముందు దాన్నే చూడాలి. ఆర్‌జీ-6 రకం కోయాక్సియల్ వైరు వేయించుకుని, మధ్యలో అతుకులు లేకుండా చూసుకోండి. రెండు టీవీలకు సిగ్నల్ పంచే స్ప్లిటర్ పెడితే ఒక్కోదానికి సగం సిగ్నలే అందుతుంది.

కేబుల్ మార్చాక టీవీ రిమోట్‌తో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఎంచుకుని, బాక్సు సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ 1080కి పెట్టండి. హెచ్‌డీ ఛానెళ్ల నంబర్లు వేరే ఉంటాయి. పిన్నిగారికి వాటిని పెద్ద అక్షరాలతో రాసి రిమోట్ వెనక అంటించాను. లేకపోతే అలవాటుగా పాత నంబరే నొక్కేస్తారు.