ఎందుకు వింటున్నావో చెప్పమ్మా

బుధవారం, రాత్రి పదకొండున్నర.

పుణెలో ఉన్న మా అమ్మాయికీ నాకూ దసరా నుంచి ఒక ఒప్పందం నడుస్తోంది. ఆ రోజు విన్న పాట ఒకటి, దాన్ని ఎందుకు విన్నామో ఒకే ఒక వాక్యం, పడుకునేలోగా ఒకరికొకరు పంపుకోవాలి. షరతులన్నీ దానివే. "చాలా బాగుంది" అనకూడదు. "మనసుకు హాయిగా ఉంది" అసలే అనకూడదు. మొదటి వారంలోనే నేను రెండూ వాడేశాను, రెండూ కొట్టివేతకు గురయ్యాయి. చిన్నప్పుడు దాని కాపీ పుస్తకం నిండా నేను పెట్టిన ఎర్రగీతలకు ఇప్పుడు వడ్డీతో సహా చెల్లిస్తున్నాను.

పది రోజులుగా నేను పంపుతున్నది ఒకటే పాట. నేదునూరి కృష్ణమూర్తి గారు పాడిన అన్నమయ్య కీర్తన, "నానాటి బతుకు నాటకము". పొద్దున్నే వంటింట్లో చిన్న స్పీకరులో పెట్టుకుంటాను. ఆ స్పీకరు ముందున్న జల్లెడ సముద్రపు గాలికి తుప్పు పట్టి, తుడిచినప్పుడల్లా ఎర్రటి పొడి రాలుతుంది. విశాఖలో ఈ పెదవాల్తేరులో కాపురం పెట్టాక గేటు గొళ్లేన్నే మూడుసార్లు మార్చాం, దీని గురించి ఏం చెప్పాలి.

పాట ఒకటే కాబట్టి కారణాలైనా మార్చాలి కదా. మొన్న ఇలా రాశాను: "నేదునూరి గారు చివరి రోజుల్లో మన ఊళ్లోనే ఉన్నారు, 2014 డిసెంబరులో ఇక్కడే కన్నుమూశారు." వెంటనే జవాబు: "ఇది జనరల్ నాలెడ్జి, కారణం కాదు."

నిన్న రాగం గురించి రాశాను. పదేళ్ల వయసులో మొదలుపెట్టి నాలుగేళ్లు నేర్చుకుని వర్ణాల దగ్గర ఆగిపోయిన సంగీతం నాది. ఆ కాస్త తెలివీ వెలికితీశాను. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద దొరికాయి. ఫలానా రాగమని పైన రాసి ఉంటుందే తప్ప ఎలా పాడేవారో చెప్పే స్వరాలు లేవు. వరుసలు చాలామటుకు మన కాలపు విద్వాంసులు కూర్చినవే. ఈ పాటను రేవతిలో కూర్చింది నేదునూరి గారు. సుబ్బులక్ష్మి గారు పాడాక అది ఇంటింటికీ చేరింది. రేవతిలో ఉన్నవి అయిదే స్వరాలు. గాంధారం లేదు, ధైవతం లేదు. రిషభం మీద నిలబడిన గొంతు తరువాతి మెట్టు మీద కాలు పెట్టకుండా ఒక్కసారే మధ్యమానికి వెళ్లిపోతుంది. వేదం చదువుతున్నట్టు ఉంటుందని పెద్దలు అనేది అందుకేనేమో. ఇదంతా ఒక్క వాక్యంలో ఇరికించేసరికి అరగంట పట్టింది, పాలు పొంగిపోయాయి.

"ఇది రాగం గురించి. నీ గురించి చెప్పమ్మా," అంది. కింద ఒక సితారు కచేరీ జత చేసింది. రేవతి స్వరాలతోనే హిందుస్తానీలో బైరాగి ఉందట, రేపు అది విను అని.

మా చిన్నప్పుడు ఈ "ఎందుకు" అన్న ప్రశ్నే లేదు. 1963లో విశాఖకు ఆకాశవాణి కేంద్రం వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికే ఇంట్లో రేడియో పెద్దరికం స్థిరపడిపోయి ఉంది. అది ఏది వేస్తే అది వినడమే. భక్తిరంజని అయ్యేలోగా మాకు జడలు అయిపోవాలి, వార్తలు మొదలైతే బడికి బయలుదేరాలి. నీకు ఈ పాట ఎందుకు నచ్చిందని ఆ రోజుల్లో మా అమ్మను అడిగి ఉంటే, పోపు మాడిపోతోంది తప్పుకోమనేది.

సరే, ఈ రోజు. పొద్దున్నే సితారు పెట్టాను. బాగానే ఉంది. (డైరీలో షరతులు వర్తించవు.) ఎనిమిదింటికల్లా వంట ముగించాలి. మావారు ఎప్పటిలాగే చిక్కుడుకాయల పళ్లెం ముందు కూర్చున్నారు, కాసేపటికి చూస్తే లేరు. సగం కాయలు అలాగే ఉన్నాయి. వరండాలో పేపరు చదువుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. పోర్టులో ఉద్యోగం చేసి రెండేళ్ల కిందట రిటైరైన మనిషి, ఇంట్లో చేసేదే ఈ ఒక్క పని, అదీ సగమేనా అనుకున్నాను. పైకి అనలేదు. ఆయన్ను ఎవరూ అడగకుండా చేస్తున్న పని అది. అడగని పనికి సంజాయిషీ అడగడమెలా? ఉన్నంతవరకు కూర చేసి, మిగిలినవి ఫ్రిజ్‌లో పడేసి బయలుదేరాను.

ఆఫీసు గాజువాకలో. మద్దిలపాలెంలో బస్సెక్కితే రద్దీని బట్టి గంట. బస్సులో నేదునూరి గారిని వినడం దండగ. ఆయనది నిండైన, నింపాదైన గొంతు. కంచరపాలెం దాటి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు చేరేసరికి మంద్రస్థాయి మొత్తం ఇంజను మింగేస్తుంది. బస్సుకు సుశీల గారే. నా ఇయర్‌ఫోనులో ఒక చెవే పనిచేస్తుంది. కండక్టరు టికెట్లని అరుస్తూ ఉంటాడు, పక్కావిడ ఫోనులో వియ్యపురాలి పంచాయతీ సాగుతూ ఉంటుంది. అయినా ఆవిడ పాడితే ఒక్క ఒత్తు జారిపోదు, ఒక్క మహాప్రాణం నలిగిపోదు. ఆ గొంతులోని తేనె గురించి అందరూ రాశారు. బస్సు శబ్దాన్ని చీల్చుకుని వచ్చే ఆ ఉచ్చారణ గురించి గాజువాక బస్సులో తిరిగేవాళ్లే రాయాలి.

ఆఫీసులో రాయదగ్గది ఏమీ జరగలేదు.

సాయంత్రం తిరిగి వస్తుంటే ఒక సంగతి తట్టింది. సుశీల గారు 1935లో విజయనగరంలో పుట్టి, అక్కడి మహారాజా సంగీత కళాశాలలోనే నేర్చుకున్నారు. నేదునూరి గారి చదువూ ఆ కళాశాలలోనే. రాత్రిపూట నేను వినే వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడి గురువు. ఆయన పెరిగింది మన విశాఖలో. 1919లో ఆ కళాశాల తెరిచినప్పుడు విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయులీనం విని ఏకంగా ఆచార్యుడిగా వేసుకున్నారని చెప్పుకుంటారు. పాత గ్రామఫోను రికార్డు ఒక పక్క మూడు నిమిషాలకు మించి తిరగదు. ఆ మూడు నిమిషాల్లోనే రాగం గుమ్మం, నడవ, పెరడు అన్నీ చూపించేసి తలుపు వేసేస్తారు. గీర చప్పుడు ఎక్కువే, నాకు అడ్డురాదు. మా ఇంట్లో కిటికీ తెరిస్తే సముద్రం కూడా అదే చప్పుడు చేస్తుంది.

పొద్దున, బస్సులో, రాత్రి, నా చెవిలో పడేదంతా గంటన్నర దూరంలో ఉన్న ఒక్క కళాశాల గుమ్మం దాటి వచ్చిందే! ఇదే ఈ రోజు కారణం అనుకుని బస్సులోనే టైపు చేయడం మొదలుపెట్టాను. మళ్లీ జనరల్ నాలెడ్జి అంటుందని చెరిపేశాను.

ఇంటికి వచ్చి, మిగిలిన చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తున్నాను. కార్తీకం మొదలైన దగ్గర నుంచీ పక్కింటివారి పందిరి విరగకాస్తోంది, రోజు విడిచి రోజు సంచీడు పంపుతున్నారు. అలా తీస్తుండగా తెలిసింది. ఈయన ఈ పని ఎప్పుడు మొదలుపెట్టారు? పది రోజుల కిందట. అంతకు ముందు పొద్దున్నే వంటింటి ఛాయలకే వచ్చేవారు కాదు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో సంగీతం గురించి ఆయన నాతో అన్నది ఒక్కటే మాట: "సౌండు తగ్గించు."

ఒకరోజు మంచినీళ్ల కోసం వచ్చి, పాట విని, గ్లాసుతో అక్కడే ఆగారు. "ఆ 'నాటకము' దగ్గర అన్నిసార్లు ఎందుకు తిరుగుతున్నాడాయన?" అని అడిగారు.

"తిరగడం కాదు, వాటిని సంగతులంటారు," అన్నాను.

"ఏం సంగతులు?"

"ఒకే మాటను ప్రతిసారీ కాస్త మార్చి పాడతారు."

"అయితే మీ పెద్దమ్మ లాగే," అన్నారు. మా పెద్దమ్మ ఒక కథను ఏ రెండుసార్లూ ఒకేలా చెప్పదు. నవ్వుకుంటూ కుర్చీ లాక్కున్నారు. ఎదురుగా కాయలు ఉన్నాయి, చెయ్యి వేశారు. మర్నాడూ వచ్చారు. పాట అయ్యేదాకా తీస్తారు, అవగానే లేచిపోతారు. ఈ రోజు సితారులోనూ అవే అయిదు స్వరాలు. కానీ మాట లేదు, మాట చుట్టూ తిరగడం లేదు. ఆయన సగంలో లేచిపోయారు.

కాబట్టి రాగం వల్ల కాదు.

పదకొండింటికి అమ్మాయికి పంపాను: "నేదునూరి, నానాటి బతుకు. అది మోగుతున్నంతసేపూ మీ నాన్న వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు తీస్తారు."

ఈసారి ఎర్రగీత రాలేదు. "నాన్నా? చిక్కుళ్లా? రేపు ఫొటో పంపు!" అని వచ్చింది.

పంపను. ఫొటో తీస్తే మానేస్తారు.