కంచరపాలెంలో రంగం వంట

విశాఖలో గడిపిన నాలుగు రోజుల్లో కైలాసగిరి, రుషికొండ, జలాంతర్గామి ప్రదర్శనశాల అన్నీ చూశాను గాని, వాటి గురించి కొత్తగా రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇది రాయించినది కోపం. బీచ్ రోడ్డులోని ఒక హోటల్లో ‘బర్మా ఖౌస్వే’ అనే నూడిల్స్ వంటకం పేరిట 420 రూపాయలు పుచ్చుకుని, కొబ్బరిపాలలో నానిన సేమ్యా వంటిది గిన్నెడు తెచ్చిపెట్టారు. నా ముఖం చూసి వడ్డించే కుర్రవాడే జాలిపడి, అసలైనది కావాలంటే కంచరపాలెం బర్మా క్యాంపుకు వెళ్ళమని మెల్లగా చెప్పాడు. మర్నాడు ఆటో అతను రెండు వందలు అడిగి, నూట ఎనభైకి ఒప్పుకుని, దారి పొడుగునా ఆ ఇరవై రూపాయల గురించే సణిగాడు.

ఖౌస్వే అమ్మే తోపుడుబండి సాయంత్రం గాని రాదట. ఒక ఇంటి ముందు మాత్రం ఏడుగురు ఆడవాళ్ళు కత్తిపీటలు వేసుకుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఎవరి మనవడిదో పుట్టినరోజు. వచ్చిన పని చెప్పగానే వారిలో పెద్దావిడ, “ఎల్లిపోతావేటి బాబూ, కూకో, తినీసి ఎల్లు” అన్నారు. బర్మా మనుషులను చూడబోతున్నానని ఊహించుకుని వెళ్ళిన నాకు ఆ శ్రీకాకుళం యాస వినగానే సిగ్గు వేసింది. ‘రంగం పోయాడు’ అని, అంటే బర్మాలోని రంగూన్‌కు వెళ్ళాడని, మా నాయనమ్మ తన మేనమామ గురించి చెప్పే మాట, మా ఇంట్లో ఇప్పటికీ బియ్యం పోసుకునే బర్మా టేకు పెట్టె, రెండూ ఒక్కసారిగా గుర్తుకువచ్చాయి.

1962లో బర్మాలో సేనాని నె విన్ సైన్యం అధికారం చేజిక్కించుకుని, తరువాత దుకాణాలను జాతీయం చేసి, 1964 మే నెలలో యాభై, వంద చాట్ల (చాట్ అక్కడి నాణెం) నోట్లను రద్దు చేయడంతో, తరాలుగా అక్కడ స్థిరపడిన భారతీయులు లక్షల సంఖ్యలో తిరిగివచ్చారు. అలా కాందిశీకులుగా ఓడ దిగిన కుటుంబాలలో ఈ పెద్దావిడది ఒకటి. అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు. వాళ్ళమ్మ గాజులు రంగం రేవులోనే తీసేసుకున్నారట. ఆ మాట చెబుతూనే ఆమె కొబ్బరి కోరడం ఆపలేదు.

రంగం, మాండలే, మౌల్మీన్‌లలో ఉన్నప్పుడు ఈ కుటుంబాలకు ఒకరి ముఖం ఒకరికి తెలియదు. క్యాంపుకు వచ్చిన కొత్తలో ఒకరింట కోడి ఉంటే ఇంకొకరింట కొబ్బరికాయ ఉండేదని, రెండూ ఒక గిన్నెలో పడితే తప్ప ఖౌస్వే అయ్యేది కాదని, ఆ కలిసి వండుకోవడమే ఇప్పటికీ సాగుతోందని ఆమె చెప్పారు. తగవులు కూడా సాగుతున్నాయి. పులుసు చిక్కబడడానికి కలిపే శనగపిండిని వేయించాలని మాండలే వారి కోడలు, పచ్చిదే నీళ్ళలో కలిపి పోయాలని పెద్దావిడ పట్టుబట్టారు. ఙపీ అనే పులియబెట్టిన రొయ్యల ముద్ద దొరకక ఎండురొయ్యల పొడితో సరిపెట్టుకుంటున్నామని మూడో ఆమె అందరినీ కలిపి తిట్టింది. హోటల్లో పెట్టిన సేమ్యా సంగతి నేను వెటకారంగా చెప్పబోయాను. పెద్దావిడ నవ్వలేదు. నూడిల్స్ ఎక్కడా కనబడని ఆ రోజుల్లో తమ తల్లులు కూడా సేమ్యాతోనే వండిపెట్టారని, తనకు ఇప్పటికీ ఆ రుచే ఇష్టమని అన్నారు.

ఇక నోరు మూసుకోవడం మేలనిపించింది. అతిథినని ఎవరూ మొహమాటపడలేదు. ఉడికిన నలభై గుడ్లు నా ముందు పెట్టి పెంకు ఒలవమన్నారు. వేడికి వేళ్ళు కాలి, సగానికి పైగా చిదిమేశాను. గిన్నెలో నూడిల్స్ మీద కోడి పులుసు పోసి, వేయించిన ఉల్లి, ఎండుమిరప పొడి చల్లి, నిమ్మచెక్క పిండి అందరికీ నిండు గుడ్లు వేసిన పెద్దావిడ, చిదిమినవన్నీ ఏరి నా గిన్నెలో వేశారు.